పూలు లేని వేళ సమురాయ్ వీధిలో...

‘‘ఇప్పుడొచ్చారేమిటండీ? ఏప్రిల్ ఆఖర్లో రావలసింది!’’

కకునొదాతె స్టేషన్ బయట టాక్సీ డ్రైవరు వచ్చీరాని ఇంగ్లీషులో నాతో అన్న మొదటి మాట అదే. టోక్యో నుంచి షింకన్‌సేన్ రైల్లో సుమారు మూడు గంటల దూరం. ఉత్తర జపాన్‌లోని అకిత ప్రాంతం. నేను దిగింది ఫిబ్రవరిలో. ఎటు చూసినా మోకాలిలోతు మంచు!

1620లో వేసిన వీధులివి. ఒకవైపు సమురాయ్‌ల ఇళ్ళు, రెండోవైపు వర్తకుల పేట. అగ్గి అంటుకుంటే దాటిరాకుండా మధ్యలో ఖాళీ జాగా. నల్ల చెక్క ప్రహరీల మీదుగా వేలాడే చెర్రీ కొమ్మలు ఏప్రిల్లో పూస్తే ఇసకేస్తే రాలదట. నేను వెళ్ళిన రోజు ఆ వీధి పొడుగునా నా అడుగుల గుర్తులే!

అన్నట్టు, నేను వెళ్ళింది పూల కోసం కాదు, సినిమా కోసం. యోజి యమద దర్శకత్వంలో 2002లో వచ్చిన ‘ట్వైలైట్ సమురాయ్’ కొంత ఇక్కడే తీశారు. అందులో హీరో సెయిబెయి పేరుకు సమురాయ్. పగలు గిడ్డంగిలో గుమాస్తాగిరీ, రాత్రిళ్ళు కీచురాళ్ళ పంజరాలల్లి అమ్ముకోవడం! భార్య పోయింది, ఇద్దరు ఆడపిల్లలు, మతి తప్పిన తల్లి. ఇదంతా కథకుల కల్పనేమో అనుకున్నాను.

కాదని ఒక కొట్టు పెద్దావిడ చెప్పింది. 18వ శతాబ్దం చివర్లో ఇక్కడి చిన్న సమురాయ్‌లు జీతం చాలక, కొండ చెర్రీ బెరడుతో డబ్బాలు చేసి అమ్ముకునేవారట. 1868 తర్వాత కొలువులే పోయాయి. కత్తి పట్టిన చేతులకు చివరికి ఆ బెరడే కూడు పెట్టింది!

రాసిన నాలుగు ముక్కలకు డబ్బు ఎప్పుడొస్తుందా అని పోస్టుమాన్ కోసం ఎదురుచూసిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ మాట వింటుంటే గొంతులో ఏదో అడ్డుపడింది.

ఖరీదు విని గుండె ఝల్లుమన్నా, చిన్న టీ డబ్బా ఒకటి కొన్నాను. ‘‘రోజూ చేత్తో నిమురుతుండండి. ఏళ్ళు గడిచేకొద్దీ నిగనిగలాడుతుంది’’ అంది పెద్దావిడ.

తిరిగి స్టేషన్‌కు తీసుకెళ్ళింది ఆ డ్రైవరే. ‘‘పూలు లేవుగా, ఏం చూశారు?’’ అనడిగాడు నవ్వుతూ.

సంచీలోంచి డబ్బా తీసి చూపించాను.

నవ్వు ఆపేసి, తల వంచి నమస్కారం పెట్టాడు. నాకు కాదు, డబ్బాకి!