కీమత్ వేరు, ఖదర్ వేరు

కబాడీ కాటాకి ఇత్తడి తప్ప ఇంకేమీ కనపడదు. బిందె అయినా, ఓడ గంట అయినా, సముద్రం అడుగున మనిషికి దమ్ ఇచ్చిన రెగ్యులేటర్ అయినా కిలో లెక్కే. మా ఇంట్లో అలాంటి రెగ్యులేటర్ ఒకటుంది. అబ్బా విశాఖలో పాత సామాను బేరం చేసే రోజుల్లో ఏదో మూటలో వచ్చింది. గుండ్రటి ఇత్తడి డబ్బా, దానికి రెండు వైపులా మడతల రబ్బరు గొట్టాలు, మధ్యలో నోట పట్టుకునే ముక్క. తోడుగా ఒక ఇనప సిలిండరు, సీసం బిళ్ళల బెల్టు. అనకాపల్లిలో చూసినవాళ్ళంతా "ఎంతొస్తుంది?" అనే అడుగుతారు. మా భాంజా మాత్రం వేరే మాట అడిగాడు: "మామూ, ఇది ఇంకా పనిచేస్తుందా? పూడిమడకలో దిగి చూద్దామా?"

వాడి షౌక్ తప్పు కాదు. ఆ డబ్బాలో ఉన్న హునర్ అలాంటిది. 1943లో, యుద్ధ జమానాలో, ఫ్రాన్స్ నేవీ అఫ్సర్ జాక్ కూస్తో, ఇంజినీరు ఎమిల్ గాన్యాన్ కలిసి దీన్ని తయారుచేశారు. అప్పుడు పెట్రోలుకి కరువు, కార్లని గ్యాసుతో నడిపేవాళ్ళు. ఇంజనుకి కావలసినంత గ్యాసే వదిలే వాల్వు మీద గాన్యాన్ పనిచేశాడు. దాన్నే మనిషి ఊపిరికి మళ్ళించారు. లోపల ఒక పల్చటి రబ్బరు పొర. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క గాలి. లోతుకి పోయేకొద్దీ నీళ్ళు ఎంత నొక్కితే, పీల్చినప్పుడు గాలి కూడా అంత ఒత్తిడితో వస్తుంది. ఒక గొట్టం గాలి తెస్తుంది, రెండోది వదిలిన ఊపిరిని వీపు వెనక్కి తీసుకుపోతుంది. బుడగలు మొహం ముందు లేవవు. అందుకే నీటి అడుగున ఫోటోలు తీసేవాళ్ళకి ఇదంటే మొహబ్బత్.

ఆ రోజుల్లో చాలామంది దగ్గర ఎంత గాలి మిగిలిందో చెప్పే మీటరు ఉండేది కాదు. పీల్చడం బరువైతే వీపు పక్కనున్న కడ్డీ లాగాలి. అప్పుడు దాచిన కాస్త గాలి వచ్చేది. అది పైకి రావడానికే, షికారుకి కాదు. ఆ కడ్డీ దేనికో తగిలి ముందే దిగిపోతే ఆ ఆసరా కూడా ఉండదు. 1971 డిసెంబరులో విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగాక, అదేదో తేల్చడానికి మన నేవీ డైవర్లు నీళ్ళలోకి దిగారు. మా ఇంట్లో సామానుకి ఆ సంగతితో ఏ రిష్తా లేదు. కాని ఈ తీరంలో లోతుకి దిగడమంటే ఎంత జిగర్ కావాలో అది యాద్ చేస్తుంది.

ఇక భాంజా అడిగినదానికి జవాబు. పూడిమడక వద్దు బేటా. మన ఊళ్ళో బెల్లం కొనేవాళ్ళకి తెలుసు, మరీ తెల్లగా మెరిసే దిమ్మని నమ్మకూడదని. ఈ ఇత్తడి మెరుపూ అంతే. పైకి బాగున్నా లోపలి రబ్బరు ఎండి పగిలిపోతుంది. ఇనప సిలిండరు ఇంకా పెద్ద ధోకా. లోపల తేమ ఉంటే తుప్పు పడుతుంది, ఆ తుప్పు గాలిలోని ప్రాణవాయువుని తినేస్తుంది. మీటరు పెడితే నిండుగానే చూపిస్తుంది, పీల్చినవాడు మాత్రం స్పృహ తప్పుతాడు. పాత అల్యూమినియం సిలిండర్లలో 6351 అనే మిశ్రలోహంతో చేసినవాటికి మెడ దగ్గర పగుళ్ళు వచ్చి, గాలి నింపుతుండగా పేలినవి ఉన్నాయి. నింపే గాలి ఒత్తిడి మామూలు గాలికి దాదాపు 200 రెట్లు మరి. పాత మాస్కుల్లో కొన్నిటికి మామూలు అద్దమే ఉంటుంది, పగిలితే కళ్ళకి ఖతరా.

అలాగని అంతా బేకార్ కాదు. సీసం బిళ్ళలు ఎన్నేళ్ళయినా సీసమే, నేటి డైవరు నడుముకీ పనికొస్తాయి. ఇత్తడి డబ్బాకి కొత్త సిలికాన్ పొర, కొత్త గొట్టాలు వేయించి, తెలిసిన ఉస్తాద్ చేత పరీక్ష చేయించి, ఈ కాలం సిలిండరుకి బిగించి దిగేవాళ్ళు విదేశాల్లో ఇప్పటికీ ఉన్నారు. అది ముందు శిక్షణ, తర్వాత షౌక్. అన్నిటికంటే పెద్ద ఫాయిదా నేర్చుకోవడం. కొత్త రెగ్యులేటర్ విప్పితే చిన్న చిన్న ముక్కలు. ఇది విప్పితే పిల్లాడి కళ్ళ ముందే ఊపిరి లెక్క అర్థమవుతుంది. మా భాంజా ఒక ఆదివారమంతా దాని ముందు కూర్చుని కాగితం మీద బొమ్మ గీసుకున్నాడు. సముద్రం ఊసు ఎత్తలేదు.

మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే కరిగించడానికి ఇవ్వకండి. దాని మీది నంబర్లు పోయేలా పాలిష్ పెట్టకండి. ఎవరి చేతినుంచి వచ్చిందో ఒక చీటీ మీద రాసి పెట్టండి. సిలిండరులో గాలి ఉందేమోనని అనుమానముంటే సుత్తి వేయకండి, కోతకి ఇవ్వకండి, పని తెలిసినవాళ్ళ చేత ఖాళీ చేయించండి. ఎవరి దమ్ మోసిందో తెలియని వస్తువు మన దగ్గర అమానత్. ఆ అమానత్ పేరుతో ఇంకొకరి దమ్ పోకూడదు. అందుకే మా సిలిండరు మెడకి చీటీ కట్టాను: "గాలి నింపరాదు."