దిగుడులో రెండో గేరు

పాడేరు ఘాట్ దిగేటప్పుడు మా మామ జీపును రెండో గేరు దాటనివ్వడు. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే అంటాడు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసే కుర్రాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అప్పుడు జనం బరువూ మూటల బరువూ బ్రేకు మీదే కదా! అదేపనిగా తొక్కితే ప్యాడ్లు మాడు వాసన కొడతాయి, ఆపైన ఎంత తొక్కినా సరిగ్గా పట్టవు. వాసన రాగానే బండి పక్కకు తీసి చల్లారనివ్వాలి. నీళ్లు కొట్టకూడదు, కాలిన డిస్కు వంకరపోతుంది. ఇనుము రాసుకున్నట్టు కీచుమంటే ప్యాడ్ అరిగిపోయిందన్నమాటే. మామ సంతకు ముందురోజే చక్రం విప్పి చూస్తాడు. మొన్న పలచబడ్డాయని బండి తీయలేదు. మా పసుపు మూటలు ఆ వారం ఇంట్లోనే ఉండిపోయాయి. అమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.