ఎండను డాబా మీదే ఆపాలి

మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం విజయవాడలో కరెంటు స్తంభానికి నీడ దాదాపు ఉండదు. ఊరు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళ గోడకు తగిలే ఎండ కంటే కప్పుకు తగిలే ఎండే ఎక్కువ. మొగల్రాజపురం కొండవాలు మీద మెట్ల దారిన పైకెక్కి కిందికి చూస్తే ఆ ఎండనంతా మోస్తున్నవేవో తెలుస్తుంది: బూడిదరంగు సిమెంటు రేకులు, మసిబారిన శ్లాబులు, నల్లటి నీళ్ల ట్యాంకులు. ఇంట్లో ఉక్క గురించి మాట వస్తే అందరూ కూలర్ల గురించీ ఏసీల గురించీ చెబుతారు గాని కప్పు ఊసెత్తరు. ఈ కొండ నుంచి కరకట్ట వెంట అవనిగడ్డ వైపు ఇళ్ల కప్పులే చూసుకుంటూ వెళ్లాక నాకు తేలింది ఒక్కటే. ఈ ప్రాంతంలో వేసవి కోసం పెట్టే ఖర్చులో మొదటి రూపాయి కప్పు మీదే పడాలి.

కొండవాలు ఇళ్లలో చాలావాటికి కప్పు రేకే. పలచన, పైగా చెయ్యెత్తితే అందేంత ఎత్తు. పొద్దెక్కిన కాసేపటికే కాలిపోయి, ఆ సెగ కింద కూర్చున్నవాళ్ల తలల మీద పడుతుంది. అందుకే రేకు మీద గోనెసంచులు పరిచి నీళ్లు చల్లుతారు, కాస్త చోటున్నవాళ్లు సొరపాదు పైకి పాకిస్తారు. పొద్దుగూకాక మాత్రం రేకు తొందరగా చల్లారుతుంది. కృష్ణలంకలో మేడ మీది వాటాల బాధ ఇంకో రకం. నాలుగైదు అంగుళాల శ్లాబు పగలంతా ఎండను దాచుకుని, పడకలు పరుచుకునే వేళకు కిందికి వదులుతుంది. అలాంటి ఒక వాటాలో, రాత్రి భోజనాల వేళ, దుప్పట్ల మూటలు పెట్టుకున్న సిమెంటు అటక మీదికి చెయ్యి చాచి శ్లాబు అడుగు తాకితే జ్వరమొచ్చిన ఒంటిలా కాలుతోంది. ఫ్యాను ఆ సెగగాలినే కిందికి తోస్తోంది. దీనికి లెక్క కూడా ఉంది. కేంద్రం 2018లో నివాస గృహాల కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు కప్పులో చదరపు మీటరు గుండా 1.2 వాట్లకు మించి వేడి దాటకూడదు. ఏ పొరా లేని ఉత్త శ్లాబు దానికి దాదాపు మూడు రెట్లు దాటనిస్తుంది.

తోట్లవల్లూరు దాటి దివిసీమ వైపు పోతుంటే, ఇంకా నిలిచి ఉన్న పెంకుటిళ్లలో దీనికి పాతకాలపు జవాబు దొరుకుతుంది. వాసాల మీద పెంకు, దానికి బాగా దిగువన దూలాల మీద చెక్కలు పరిచి కట్టిన అటక. నిచ్చెన వేసుకుని తల పైకి పెడితే ఆవిరి కొట్టినట్టుంటుంది. ఆ వేడిలో చింతపండు కుండలు, ఖాళీ జాడీలు, పాత ఉయ్యాలబల్ల ఉంటాయి గాని మనుషులు ఉండరు. వేడిగాలి చాలావరకు పెంకుల సందుల్లోంచి బయటికి పోతుంది, కింది గదికి దిగేది కొద్దే. తాటాకు ఇంట్లో ఆకు పొరల మధ్య చిక్కిన గాలి వేడిని సాగనివ్వదు. ఆకుకు బరువు లేదు కనుక అది దాచుకునే వేడీ తక్కువే. ఎండ తగిలే పొరకూ మనిషి నెత్తికీ మధ్య ఏదో ఒక అడ్డు ఉండటమే రెండింటి కిటుకూ. శ్లాబు ఇంట్లో పోయింది ఆ అడ్డే.

అయితే మళ్లీ తాటాకు ఇళ్లకు పొమ్మంటారా అని దివిసీమ వాళ్లు నిలదీస్తే, ఆ హక్కు వాళ్లకుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకున్న నేల అది. ఎండిన తాటాకుకు వేసవిలో ఒక్క నిప్పురవ్వ చాలు, వరుసంతా బుగ్గయ్యేది. గాలికీ నిప్పుకూ తట్టుకునే శ్లాబును ఎవరూ వదులుకోనక్కర్లేదు. దాని మీద ఆ అడ్డు చేర్చితే చాలు. చౌకైన దారి తెలుపు: సున్నంలో బంక కలిపి రెండు పూతలు, లేదా డబ్బాల్లో దొరికే తెల్ల పూత. మసిబారిన శ్లాబు తన మీద పడ్డ ఎండలో చాలా భాగం మింగుతుంది, కొత్త తెల్ల పూత చాలా భాగం వెనక్కి కొడుతుంది. రెండో దారి నీడ: డాబా మీద గాలి ఆడేంత ఎత్తున వల కట్టి, తుఫాన్ల కాలానికి విప్పేయడం. మూడోది ఇల్లు కట్టేటప్పుడే చేసుకోవలసింది. నీరు దిగకుండా పూత వేసి, ఇటుక ముక్కలూ సున్నం కలిపిన పొరో, వేడిని ఆపే పలకలో పరిచి, పైన తెల్ల బిళ్లలు అతికించాలి. వాటం సరిగా పెట్టకపోతే వానాకాలంలో నీరు నిలిచి కారుతుంది కాబట్టి పని తెలిసిన మేస్త్రీ చేతే చేయించాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. పూత కోసం వాటిని పొడిగా గీకితే దాని పీచు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇంతా చేస్తే ఎంత తగ్గుతుందన్నది తర్వాతి ప్రశ్న. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో పాతిక పేద ఇళ్ల కప్పులకు తెల్లటి పాలిథీన్ పొర వేసి చూస్తే, పొర లేని ఇళ్ల కంటే లోపలి గాలి సగటున 2 డిగ్రీలు చల్లగా ఉంది. రెండు డిగ్రీలేనా అనొచ్చు. గది గాలి మన చర్మం కంటే వేడెక్కితే ఫ్యాను సెగే కొడుతుంది. ఆ గీత దగ్గర రెండు డిగ్రీలు చిన్నవి కావు. డెల్టాలో అసలు బాధ చెమట గదా, తెల్ల పూత గాలిలో తేమ తగ్గించదు గదా అనేవాళ్ల మాట నిజమే. కానీ చెమట ఆరని ఒంటి మీద పైనుంచి శ్లాబు సెగ కూడా పడితే బాధ రెట్టింపు, ఆ రెండోది మన చేతిలో ఉంది. తెలుపు దుమ్ముకు మాస్తుంది, వానకు పాచి పడుతుంది. నిజమే, ఏటా ఎండలు ముదరకముందే కడిగి అవసరమైన చోట పూత వేయాలి. ఇక ఏసీ. కప్పు లోపలికి తెచ్చిన వేడిని అది డబ్బు పెట్టి వీధిలోకి తోడుతుంది, కరెంటు పోతే ఆగుతుంది. కప్పు చల్లగా ఉన్న ఇంట్లో అదే ఏసీ తక్కువసేపు నడుస్తుంది. అందుకే ఏసీ కొనగలిగినవాళ్లకు కూడా ముందు కప్పు పనే లాభం.

నాకు అన్నిటికన్నా గట్టిదనిపించిన అడ్డంకి ఖర్చు ఎవరిదన్నది. మేడ మీది వాటాలో ఉక్క అద్దెవాళ్లది, కరెంటు బిల్లూ వాళ్లదే. డాబా మాత్రం ఇంటాయనది. అపార్టుమెంటులో డాబా అందరిదీ, వేడి పై అంతస్తువాళ్లది. బాధ పడేవాడికి కప్పు మీద అధికారం లేనప్పుడు ఎంత చవకైన పూతయినా పడదు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రకటించిన కూల్ రూఫ్ విధానం నివాసాల్లో 600 చదరపు గజాలు, ఆపైన స్థలాల్లో కట్టేవాటికి దీన్ని తప్పనిసరి చేసింది. సొంతంగా కట్టుకున్న చిన్న ఇంటికి అది యజమాని ఇష్టం. మొగల్రాజపురం మెట్ల మీది ఇళ్లు ఆ కొలతకు ఏ మూలకూ చాలవు. కాబట్టి ఇక్కడ పని రెండు వైపుల నుంచీ సాగాలి. కొత్త శ్లాబుకు అనుమతి ఇచ్చేటప్పుడే వేడి ఆపే పొర అడగాలి. రేకుల ఇళ్లకు ఏటా మార్చిలోపు సున్నం ప్రభుత్వ ఖర్చుతోనే వేయించాలి. అపార్టుమెంటు సంఘాలు లిఫ్టు మరమ్మతుకు వేసుకున్నట్టే డాబా పూతకూ అందరి దగ్గరా చందా వేసుకోవాలి.