తొడ ఎముక మెడ

ముసలివాళ్లు జారిపడి తుంటి విరిగితే మన పేటల్లో ముందుగా మాటపడేది ఇంటి కోడలు. "పాలు పొయ్యలేదు, సరిగా చూసుకోలేదు" అంటారు. కాకుంటే ఆ ముసలమ్మ కర్మ అంటారు. నేను చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. వైద్యం నా విషయం కాదు. అయినా మా ఇంట్లో జరిగినదాన్నిబట్టి తెలుసుకున్న నాలుగు మాటలు మీతో చెప్పాలనిపించింది.

మా అమ్మ, పెద్దమ్మ అక్కచెల్లెళ్లు, తోడికోడళ్లు కూడా. సోలాపూర్ సాఖర్‌పేఠలో ఒకే కుండ అన్నం తిని, నలభై ఏళ్లు పక్కపక్కన కూర్చుని బీడీలు చుట్టారు. ముసలితనంలో అమ్మ రెండుసార్లు పడింది, చిన్న దెబ్బలతో లేచింది. పెద్దమ్మ మోరీలో ఒక్కసారే పక్కకు పడింది. తుంటి విరిగింది. ఆపరేషనైన రోజు నుంచి వదిన తలెత్తి ఎవరి ముఖమూ చూడలేదు.

తరువాత ఇద్దరికీ ఎముకల స్కానింగు తీశారు. ఎముక సాంద్రత ఇద్దరికీ తక్కువే, ఇంచుమించు ఒకటే. తేడా ఆకారంలో ఉందన్నారు డాక్టరుగారు.

తొడ ఎముక పైకొసన గుండులాంటి తల ఉంటుంది. అది తుంటి గిన్నెలో తిరుగుతుంది. ఆ తలను కింది కాడతో కలిపేది మెడ. సుమారు 125 నుంచి 130 డిగ్రీల కోణంలో వాలి ఉంటుంది. మన ఇళ్లలో చిలక్కొయ్యను గుర్తు తెచ్చుకోండి. కొయ్య ఎంత పొడుగ్గా బయటికి వస్తే, కొసన తగిలించిన బరువు దాని మొదలును అంతగా వంచుతుంది. పక్కకు పడినప్పుడు ఎముక మెడ మీద పడే భారమూ అలాంటిదే.

ఫాక్నర్ బృందం అమెరికాలో వృద్ధ స్త్రీలను పరిశీలించి 1993లో ఈ మాటే చెప్పింది: తుంటి బయటి గడ్డ నుంచి కటి లోపలి అంచుదాకా ఉన్న దూరం పెరిగినకొద్దీ విరిగే అవకాశం పెరుగుతుంది. సాంద్రత సమానంగా ఉన్నా ఆ తేడా నిలుస్తుంది. జపాను స్త్రీలకు తుంటి తక్కువగా విరగడానికి పొట్టి మెడ ఒక కారణమని 1994లో నకమురా బృందం రాసింది.

ఇదంతా చెబితే పెద్దమ్మ అడిగింది: "అంటే తప్పు నా కోడలిది కాదన్నట్టేనా కొడుకా?"

"ఎవ్వరిదీ కాదు పెద్దమ్మా. ఆ మెడ పుట్టుకతో, పెరుగుదలతో వచ్చింది."

ఆమె వంటింటివైపు తిరిగి, "ఓ బిడ్డా, నువ్వు తిన్నవా?" అని కేకేసింది. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆకారం ఒక్కటే కారణం కాదు. వయసు, సాంద్రత, కాళ్ల బలం, చూపు అన్నీ లెక్కకు వస్తాయి. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ఎముక ఆకారం ప్రారంభ నిల్వ, దాన్ని దిద్దలేం. పడకుండా చూసుకోవడం మాత్రం రోజువారీ పద్దు. తుంటి ఎముకలు ఎక్కువగా విరిగేది పడినప్పుడే, అందులోనూ పక్కకు పడినప్పుడు. అందుకని ఈసారి పండక్కి ఇంటికి సున్నం వేయించేటప్పుడు మోరీ గోడకు పట్టుకోను ఒక కడ్డీ, గడప దగ్గర ఒక దీపం పెట్టించండి. నూలు కండెలు నడిచే దారిలో లేకుండా చూడండి. వీటికయ్యే ఖర్చు ఒక చాదరు ధరకు మించదు.