గాలివాన వెలిసిన తరువాత వచ్చే రోగులు

బంగాళాఖాతపు తీరంలో తుఫాను వల్ల సంభవించే మరణాలకు చాలాకాలం పాటు ప్రధాన కారణం ఉప్పెన. తుఫాను గాలులు సముద్రపు నీటిని తీరం మీదికి నెట్టుకురాగా, నీటిమట్టం కొన్ని మీటర్ల మేర పెరిగి ఊళ్లను ముంచెత్తడాన్ని ఉప్పెన అంటారు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది మందిని పొట్టనపెట్టుకున్నది అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు గాలులు గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచినప్పటికీ, వాతావరణ శాఖ కొన్ని రోజుల ముందే హెచ్చరించినందున, తీరగ్రామాల ప్రజలను సకాలంలో తరలించినందున, ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య వందకు లోపే ఆగింది. ఈ మార్పు సాధారణమైనది కాదు. అయితే దానితోపాటే వైద్యుల ముందున్న ప్రశ్న కూడా మారింది: ఉప్పెన నుంచి, కూలిన గోడల నుంచి బతికి బయటపడినవారిలో ఆ తరువాతి వారాలలో ఎవరి ప్రాణం మీదికి వస్తున్నది, ఎందువల్ల వస్తున్నది?

ఈ ప్రశ్నకు అత్యంత స్పష్టమైన సమాధానం పోర్టోరికో ద్వీపం నుంచి లభించింది. 2017 సెప్టెంబరు 20న మరియా అనే హరికేన్, అంటే అట్లాంటిక్ ప్రాంతపు తీవ్ర తుఫాను, ఆ ద్వీపాన్ని తాకిన తరువాత ప్రభుత్వం ప్రకటించిన మృతుల సంఖ్య 64. జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మామూలు పరిస్థితులలో సంభవించవలసిన మరణాలతో పోల్చి, 2018 ఫిబ్రవరి వరకు అదనంగా మరణించినవారు 2,975 మంది అని అంచనా వేయగా, ప్రభుత్వం చివరకు ఆ సంఖ్యనే స్వీకరించింది. గోడ కూలో, నీట మునిగో మరణిస్తే అది ప్రత్యక్ష మరణం. కరెంటు లేక ఆక్సిజన్ యంత్రం ఆగినందుననో, దారి లేక ఆస్పత్రికి చేరలేనందుననో, మందులు అయిపోయినందుననో మరణిస్తే అది పరోక్ష మరణం. రెండో తరగతి మరణాలకు ధ్రువపత్రంలో తుఫాను పేరు సాధారణంగా కనిపించదు, గుండె జబ్బు అనో, మూత్రపిండాల వ్యాధి అనో మాత్రమే ఉంటుంది. అందువల్లనే అవి లెక్కలోకి రావు, లెక్కలోకి రానివాటిని నివారించే ఏర్పాట్లు కూడా జరగవు.

తెలుగునాట ఈ విషయాన్ని ఉద్దానం కంటే సూటిగా చూపగల ప్రాంతం లేదు. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడిమామిడి తోటలతో నిండిన ఈ సీమలో, మూలకారణం నేటికీ నిర్ధారణ కాని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఇంటింటినీ పీడిస్తున్నది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి, కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. డయాలసిస్, అంటే పనిచేయని మూత్రపిండాలకు బదులుగా యంత్రంతో రక్తాన్ని శుభ్రపరచడం, కరెంటుతో పాటు పుష్కలంగా శుద్ధమైన నీరు కూడా ఉంటేనే సాగుతుంది; తుఫాను ఆ రెండింటినీ ఒకేసారి తీసివేస్తుంది.

రెండు విడతల డయాలసిస్ తప్పి, అయినవాళ్లు మంచం మీద మోసుకురాగా ఆస్పత్రికి చేరే రైతును పరీక్షించే వైద్యుడు మొదట చూడవలసినది ఈసీజీ. అటువంటి రోగి కాళ్లు లేవడం లేదని, ఒంట్లో సత్తువ లేదని చెబుతాడే తప్ప గుండె గురించి ఏమీ చెప్పడు. ఈసీజీలో మాత్రం టి తరంగాలు గుడారాల వలె కోసుగా నిలబడి ఉంటాయి. రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగిందనడానికి అది గుర్తు, ఆ స్థితిలో గుండె ఏ క్షణంలోనైనా ఆగిపోవచ్చు. కాల్షియం గ్లూకోనేట్‌తో గుండెను కాపాడి, గ్లూకోజుతో పాటు ఇన్సులిన్ ఇచ్చి పొటాషియాన్ని తాత్కాలికంగా కణాలలోకి పంపి, వీలైనంత త్వరగా డయాలసిస్ చేయవలసి ఉంటుంది. ఏమి తిన్నాడు, ఏమి తాగాడు అని ఓపికగా అడిగితే, కరెంటు లేక బోరు ఆడలేదని, ట్యాంకరు రాలేదని, తోటలో రాలిపడిన బొండాలు కొట్టుకుని తాగానని చెప్పే అవకాశం ఎంతైనా ఉన్నది. ఆరోగ్యవంతుడికి ప్రాణం నిలిపే ఆ నీటిలోనే, ఒక్క బొండంలో సుమారు అర గ్రాము పొటాషియం ఉంటుంది. బొండం తాగకూడదని ఆ రోగికి మామూలు రోజులలో ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. కాని దాహం వేసి, వేరే నీరు దొరకనప్పుడు ఆ నిషేధం నిలవదు. అందుచేత డయాలసిస్ రోగి ఇంట తుఫానుకు ముందు పట్టి మూతపెట్టిన బిందెడు మంచినీరు ఉండడమే వైద్యంలో ఒక భాగం.

2012లో శాండీ హరికేన్ న్యూయార్క్, న్యూజెర్సీలను తాకడానికి ముందే చాలామంది రోగులకు నిర్ణీత రోజు కంటే ముందుగా డయాలసిస్ చేశారు. అలా చేయించుకున్నవారిలో తరువాతి నెల రోజులలో మరణాలు, ఆస్పత్రి చేరికలు మిగిలినవారికంటే తక్కువగా ఉన్నాయని పరిశీలనలో తేలింది. ఇందుకు కొత్త యంత్రమేదీ అవసరం కాలేదు. హెచ్చరికకు, గాలికి మధ్య ఉన్న రెండు మూడు రోజులను చికిత్సకు వాడుకున్నారు, అంతే.

మధుమేహం విషయంలో పొరపాటు మరో విధంగా జరుగుతుంది. పునరావాస కేంద్రంలో ఒక పిల్లవాడికి వాంతులు, కడుపునొప్పి మొదలైతే, చుట్టూ ఉన్నవారికి కూడా విరేచనాలు ఉన్నందున, నీళ్లు పడలేదని అందరూ భావించడం సహజం. కాని ఇన్సులిన్‌పైనే ఆధారపడిన బాలుడికి తల్లి, అన్నం తినడం లేదు కదా అని సూది ఆపివేసి ఉంటే, శరీరం కొవ్వును కరిగించుకోగా పుట్టే ఆమ్లాలు రక్తంలో చేరి కీటోయాసిడోసిస్ అనే ప్రాణాంతక స్థితి ఏర్పడుతుంది. ఊపిరి లోతుగా, వేగంగా ఆడుతుండడం, నోటి నుంచి మగ్గిన పండు వాసన రావడం దాని ఆనవాళ్లు. వేలికొన నుంచి తీసిన ఒక్క రక్తపుబొట్టు పరీక్ష అనుమానాన్ని వెంటనే ఇన్సులిన్ లోపం వైపు తిప్పుతుంది. ఫ్రిజ్ ఆగిపోయిందని ఇన్సులిన్‌ను పారవేయడం కూడా తరచుగా జరిగేదే. తెరిచిన సీసా ఎండ తగలని చల్లనిచోట సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. సీసాను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడిపిన మట్టికుండలో ఉంచితే చాలు. ఐసుకు ఆనించి గడ్డకట్టిన ఇన్సులిన్ మాత్రం పనికిరాదు.

గాయాల గురించి చెప్పవలసినది కొద్దిగానే ఉన్నది. గాలి తగ్గగానే రేకులు సరిచేయడానికి పైకి ఎక్కి పడినవారు, తెగిన తీగ తగిలినవారు, విరిగిన చెట్లు నరుకుతూ గాయపడినవారు వస్తారు. బురదనీటిలో తగిలిన గాయాన్ని వెంటనే కుట్టి మూసివేయడం కంటే, బాగా కడిగి, ధనుర్వాతపు టీకా వేసి, కొన్ని రోజులు తెరిచి ఉంచి తరువాత కుట్టడమే మేలు. వరదకు పుట్టలు మునిగి పాములు ఇళ్లలోకి చేరుతాయి. వాటిలో కట్లపాము కాటు నిద్రలో పడితే నొప్పి గాని, వాపు గాని దాదాపు ఉండవు కనుక, తెల్లవారి కడుపునొప్పి అంటూ వచ్చిన మనిషి కనురెప్పలు వాలిపోతున్నాయేమో చూడడం వైద్యుని బాధ్యత.

సోకే జబ్బులు ఒక వరుసలో వస్తాయి. మొదటి వారంలో విరేచనాలు, తరువాత ఎలుకల మూత్రం కలిసిన నీటిలో నడిచినవారికి కాలి పగుళ్ల గుండా సోకే లెప్టోస్పైరోసిస్, ఇంకొన్ని వారాలకు నిలిచిన నీటిలో దోమలు పెరిగి డెంగీ కనిపిస్తాయి. ఒడిశాలో 1999 నాటి పెను తుఫాను తరువాత లెప్టోస్పైరోసిస్ ప్రబలినట్లు పరీక్షలలో రుజువైంది. కండరాల నొప్పులతో, ఎర్రబడిన కళ్లతో వచ్చిన జ్వరపీడితుడికి పరీక్షా ఫలితం కోసం వేచి ఉండకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టడం మంచిది. నీటి విషయంలో, వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపి అరగంట ఆగాలన్న పాత నియమం నేటికీ చెల్లుతుంది, కాని బురదనీటిలో క్లోరిన్ శక్తి మట్టికే ఖర్చవుతుంది కనుక ముందు నీటిని తేర్చి వడగట్టడం తప్పనిసరి. హ్యూస్టన్‌లోనో, ఫ్లోరిడాలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇంకొక ప్రమాదం ఉన్నది: గ్యారేజీలో నడిపిన జనరేటర్ నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ఇంటిల్లిపాదినీ చంపగలదు.

ఇల్లు, తోట కోల్పోయిన మనిషి నెలల తరబడి నిద్రపట్టడం లేదని, గుండె దడగా ఉన్నదని వస్తాడే తప్ప దిగులుగా ఉన్నదని చెప్పడు. ఏళ్ల తరబడి పెంచితే గాని పూర్తి కాపుకు రాని తోట పోయినవాడికి నిద్రమాత్ర రాసిచ్చి పంపడం చాలదు. తాగుడు పెరిగిందా, బతకాలని లేదన్న మాట ఎవరితోనైనా అన్నాడా అని నేరుగా అడగాలి, ఆ ప్రశ్న వల్ల హాని జరగదు.

వీటిలో అధిక భాగానికి విరుగుడు ఆశా కార్యకర్తల వద్దనే ఉన్నది. ఏ ఇంట డయాలసిస్ రోగి ఉన్నారు, ఎవరికి ఇన్సులిన్, ఎవరికి మూర్ఛ మాత్రలు, ఏ గర్భిణికి ప్రసవం దగ్గర పడింది అన్నది ప్రతి ఊరి ఆశా కార్యకర్తకూ తెలుసు. గర్భిణులను ముందుగా ఆస్పత్రికి తరలించే పద్ధతి తీరంలో ఇప్పటికే స్థిరపడింది కనుక, అదే వాహనంలో డయాలసిస్ రోగిని కూడా పంపడానికి, మూర్ఛ, మధుమేహం, మానసిక వ్యాధుల మందులు రెండు వారాలకు సరిపడా తుఫానుకు ముందే చేతికి ఇవ్వడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు. కరెంటు, సిగ్నల్ పోయిన రోజున ఫోనులోని జాబితా అక్కరకు రాదు కాబట్టి, ఆ పేర్లు కాగితం మీద రాసి ఆరోగ్య ఉపకేంద్రంలో ఉంచాలి; మందు పేరు, మోతాదు రాసిన చీటీని రోగి తన రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవరులో పెట్టుకోవాలి.