కొండ అడ్డం లేని పొద్దు

మా అత్తగారు పుట్టిందీ మెట్టిందీ ఉదయగిరిలోనే. మామగారు పోయాక ఆత్మకూరులో మా దగ్గరికి వచ్చేశారు. డెబ్భై ఆరేళ్ల మనిషి ఇంతవరకూ సూర్యాస్తమయం చూడలేదంటే మీరు నమ్ముతారా? నేనూ నమ్మలేదు. సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు వరండాలో బియ్యం ఏరుతూ ఆవిడే అన్నారు.

"మాకు పొద్దు కుంకేదేందమ్మే? కొండెనక్కి పోతాది, అంతే. ఆ టయానికి ఎవురికి తీరిక? బర్రెకు కుడితి, పొయ్యి మీద ఎసరు, వాకిట్లో కసువు, దీపం. దాని దోవన అది పోయేది, మా పని మేం చేసుకునేవాళ్లం."

అదీ నిజమే. ఉదయగిరి దుర్గం మూడు వేల అడుగుల పైచిలుకు. నెలల తరబడి ముట్టడిస్తే గానీ 1514లో కృష్ణదేవరాయలంతటి వాడికి అది చిక్కలేదు. అంతటి కొండ పడమట అడ్డంగా నిలబడితే ఇక పొద్దు కనిపించేదెట్లా? పేరుకు మాత్రం ఉదయగిరి!

నవ్వుదామనుకుని ఆగిపోయాను. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో నేను మాత్రం ఎన్నిసార్లు చూశాను? మా వంటింటి కిటికీ తూర్పుకు ఉంది. సాయంత్రం ఆరింటికి దాంట్లోంచి కనిపించేది పక్కింటి నీళ్ల ట్యాంకు.

ఆ రాత్రే పులికాట్ ప్రయాణం ప్రకటించాను. "నీళ్లు చూడాలంటే సోమశిల పక్కనే ఉందిగా, కారు ఖర్చెందుకు?" అన్నారు మావారు. పక్షులు కూడా ఉంటాయన్నాను. "పక్షులు ఇక్కడ లేవా?" అన్నారు, పెరట్లో కాకిని చూపిస్తూ. ఇలాంటి వాదనలకు జవాబు చెప్పకూడదని నేను పెళ్లైన రెండో ఏటే నేర్చుకున్నాను.

అసలు చిక్కు అత్తగారితో వచ్చింది. వస్తానంటారు, కానీ దీపాల వేళకు ఇంట్లో ఉండాలంటారు. పొద్దు గుంకడం చూడాలి, అదే వేళకు ఆత్మకూరులో దీపం పెట్టాలి! "అసురసంధ్య వేళ ఇంట్లో దీపం లేకుంటే ఎట్టామ్మే? నేను కాపురానికొచ్చినాక ఒక్క పూట తప్పలా" అని పట్టుబట్టారు. మూడు రోజులు నలిగాక, పక్కింటి అమ్మాయి మా గడపలో దీపం పెట్టేలా ఒప్పందమైంది. అయినా బయల్దేరేటప్పుడు ఆవిడ కొంగున అగ్గిపెట్టె, రెండు వత్తులు ముడేసుకోవడం నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

పులిహోర, పెరుగన్నం కట్టుకుని చీకటితోనే కారెక్కాం. ముందు నేలపట్టు. దొరవారిసత్రం దగ్గర ఆ చెరువును 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. నీళ్లలోనే నిలబడ్డ కడప చెట్లు, కొమ్మకొమ్మకూ గూళ్లు, ఆ గూళ్లలో గూడబాతులు. తల్లి ముక్కు కింద వేలాడే సంచిలోకి పిల్ల తలంతా దూర్చి చేప తింటుంటే అత్తగారు నోరు తెరుచుకుని చూశారు.

గూడబాతుల్లో ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయని అక్కడి ఉద్యోగి చెప్పాడు.

"మగది గూడానా?" అన్నారు అత్తగారు.

"అవునమ్మా, రెండూ సమానమే."

ఆవిడ నెమ్మదిగా తిరిగి కొడుకు వైపు చూశారు. ఆయనకు సరిగ్గా అప్పుడే కారులో ఏదో పని గుర్తొచ్చింది.

సూళ్లూరుపేటలో కాసేపు నడుం వాల్చి, నాలుగు దాటాక శ్రీహరికోట రోడ్డెక్కాం. ఈ వైపంతా మొన్నటిదాకా మన నెల్లూరు జిల్లాయే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలో కలిసింది. దేశంలో చిల్కా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. పాతవాళ్లు ప్రళయకావేరి అనేవాళ్లు. పేరు వింటే భయమేస్తుంది గానీ చాలాచోట్ల మనిషి నడుం లోతైనా ఉండదు. సముద్రం నీరు వచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుంటే ఆ కాస్త లోతూ తగ్గిపోతోంది. వేసవిలో ఉత్తరపు భాగం ఎండి బీటలు వారుతుంది. అలా ఎండుతూ పోతే ఈ పక్షులు ఎక్కడికి వెళ్తాయో!

రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. అటూ నీళ్లే, ఇటూ నీళ్లే. దూరంగా ముగ్గు గీతలా గులాబీరంగు చార ఒకటి కనిపించింది. కాసేపు చూస్తే ఆ చార కదిలింది. ఫ్లెమింగోలు! తలకిందులుగా ముక్కు నీళ్లలో పెట్టి జల్లెడ పట్టినట్టు తింటున్నాయి. ఆ నీటిలోని నాచు, సన్న రొయ్యలు తినడం వల్లే వాటికి ఆ రంగు, పిల్లలుగా ఉన్నప్పుడు బూడిదరంగే అని చెప్పాను. "తిన్నది ఒంటికి పట్టడమంటే అదీ" అన్నారు అత్తగారు, నా వైపు ఓ చూపు చూసి. అందులో నాకేదో చురక ఉంది, ఇప్పటికీ తేలలేదు.

మైపాడు వెళ్లినా, మరో సముద్రపు ఒడ్డుకు వెళ్లినా మనకు నీళ్ల మీద దొరికేది సూర్యోదయమే. ఇక్కడ సముద్రం వీపు వెనక ఉంటుంది. పడమటికి తిరిగి నిలబడితే, జనవరిలో కాస్త ఎడమకు జరిగి నీళ్ల మీదే పొద్దు వాలుతుంది. రోడ్డు పక్కన దుప్పటి పరిచి ఆవిణ్ణి కూర్చోబెట్టాం. గాలికి కొంగు ఎగిరిపోతుంటే గట్టిగా పట్టుకున్నారు. ఆ ముడి మీద చెయ్యి అలాగే ఉంది.

సూర్యుడు నీళ్లను తాకాడు. సగమయ్యాడు. అత్తగారు మాట్లాడలేదు. మావారు ఫోటో తీయబోయి, తల్లి మొహం చూసి, ఫోను జేబులో పెట్టేసుకున్నారు. మొత్తం మునిగాక కూడా వెలుతురు చాలాసేపు నీటిమీద ఉంది. పక్షుల గుంపొకటి మా నెత్తి మీదుగా వెళ్లింది. "పోదామా అమ్మా, చీకటి పడతా ఉంది" అని మావారు రెండుసార్లు అడిగారు. "ఉండు నాయనా" అన్నారావిడ.

నెల్లూరు దాటాక కారులో ఉలిక్కిపడి కొంగు తడుముకున్నారు. ముడి వేసింది వేసినట్టే ఉంది.

ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. గడపలో ప్రమిద ఎప్పుడో కొండెక్కింది. తాళాలివ్వడానికి వచ్చిన పక్కింటి అమ్మాయి, పక్షులెలా ఉన్నాయి మామ్మా అని అడిగింది.

"పక్షులు బాగుండాయిలే" అన్నారు అత్తగారు, చెప్పులు విప్పుతూ. "ఆడ కొండ లేదమ్మే. కిందిదాకా పోయింది, నేను చూస్తానే ఉండా."