వరసలో నిలబడని అత్తగారు

మా అత్తగారికి ఎనభై దగ్గరపడ్డాయని మొన్న ఆదివారం అనంతపురంలోనే ఓ హోటలుకి బఫే భోజనానికి తీసుకెళ్ళాం. ఎంత తిన్నా ధర ఒకటేనని మావారు పొద్దున ఉగ్గాని, బజ్జీ కూడా మానేశారు!

రాగిసంగటి, గుత్తివంకాయ, చిత్రాన్నం, ఓళిగలు... అన్నీ బల్లల మీద పేర్చారు. జనం ప్లేట్లు పట్టుకుని వరస కట్టారు. అత్తగారు మాత్రం కుర్చీలోంచి కదలరే! మోకాళ్ళ నొప్పులా అని అడిగాను.

"లేదమ్మా. నాకు ఆరేండ్లప్పుడు కరువులో గంజి కేంద్రం కాడ మా అవ్వతో ఇట్లే గిన్నె పట్టుకోని నిలబడినా. మా వంతు వచ్చేలోపల గంజి అయిపాయ."

1952 నాటి మాట అది. పడమటి కనుమలు వానల్ని ఆపేసుకుంటే, ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్లతో సరిపెట్టుకునే జిల్లా మాది. ఆ లెక్క నాకు పుస్తకాల్లో తెలుసు. ఆవిడకి ఆకలిలో తెలుసు.

మారు మాట్లాడకుండా నేనే వెళ్ళి అన్నీ తెచ్చి, కొసరి కొసరి వడ్డించాను. ఆవిడ మెతుకు మిగల్చలేదు.

మావారి ప్లేటులో ఇంకా నాలుగు ఓళిగలున్నాయి. వాళ్ళమ్మ ఒక్కసారి అటు చూశారు, అంతే. పాపం, కిక్కురుమనకుండా నాలుగూ తినేశారు!